హెల్మెట్ కింద కర్చీఫ్ కట్టాలా, వద్దా?

బందరురోడ్డు_బండి:
మందుల కంపెనీలో రెప్‌ని. వారానికి ఐదు రోజులు విజయవాడ పటమట నుంచి గుంటూరు వెళ్లొస్తాను. ఈ నెలంతా ఒకటే బాధ. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగేసరికే హెల్మెట్ లోపల నుదురు తడిసిపోతోంది. కృష్ణా నది మీది వారధి ఎక్కేటప్పటికి ఆ చెమట కనుబొమలు దాటి కళ్లలోకి దిగుతోంది. ఉప్పు మంట. వైజర్ ఎత్తి తుడుచుకుందామంటే పక్కన లారీలు. మొన్న అలాగే ఒక కన్ను మూసుకుని నడుపుతూ ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగాను. ఆటో అతను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

అందుకని నుదుటికి కర్చీఫ్ మడిచి కట్టి, పైన హెల్మెట్ పెడుతున్నాను. చెమట చాలావరకు ఆగింది. మా బావమరిది చూసి "బావా, అలా కడితే హెల్మెట్ పెట్టినా పెట్టనట్టే" అన్నాడు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీలో ఎవరు కడుతున్నారు, ఎవరు వద్దంటారు, ఎందుకు? "జాగ్రత్తగా నడపండి" అనే సలహా మాత్రం వద్దు, అది ఇంట్లో కావలసినంత దొరుకుతోంది.

ఆటోనగర్_కుర్రాడు:
మీ బావమరిదికే నా ఓటు. హెల్మెట్ల షాపులో పనిచేస్తాను కాబట్టి రోజూ చూసేదే చెబుతున్నా.

కర్చీఫ్ కట్టినప్పుడు ముందు నాలుగు మడతలు, వెనక గోలీకాయంత ముడి వస్తాయి. హెల్మెట్ ఆ రెండింటి మీద ఆనుతుంది, తల మీద కాదు. దెబ్బను మింగేది పైన మెరిసే డిప్ప ఒక్కటే కాదు, లోపలున్న థర్మోకోల్ నలిగి మింగుతుంది. అది సరిగ్గా పనిచేయాలంటే తల చుట్టూ సమంగా పట్టి ఉండాలి. గుడ్డ జారిందా, హెల్మెట్ కూడా దానితోపాటే జారుతుంది.

ఇంకో సంగతి. చెమట కళ్లలోకి రావడానికి సగం కారణం సైజే. "కాస్త లూజుది ఇవ్వు, గాలి ఆడుతుంది" అని అడిగేవాళ్లే ఎక్కువ. గాలి ఏమీ ఆడదు. లూజు హెల్మెట్ ముందుకు దిగి, స్పాంజి కనుబొమల మీదికి వస్తుంది. గతుకు తగిలినప్పుడల్లా ఆ తడి స్పాంజిని నుదుటి మీద పిండినట్టే. టైలర్ టేపుతో కనుబొమలకు అంగుళం పైనుంచి, వెనక బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టి కొలవండి. 58 సెంటీమీటర్లు వస్తే లోపల స్టిక్కర్ మీద 580 ఉన్నది తీసుకోవాలి. 600 కాదు.

రెండుపూటలా_డెలివరీ:
అన్నా, నువ్వు షాపులో ఫ్యాన్ కింద కూర్చుని చెబుతున్నావు. నేను ఉదయం పదకొండుకి హెల్మెట్ పెడితే రాత్రి పదకొండుకి తీస్తా. గవర్నర్‌పేట, సత్యనారాయణపురం, మొగల్రాజపురం, అన్నీ సిగ్నళ్లే. జేబులో మూడు కర్చీఫులు. ఒకటి తలకి, ఒకటి హ్యాండిల్‌కి కట్టి ఆరబెడతా, ఒకటి స్పేర్. గుడ్డ వద్దంటే మావాళ్లు హెల్మెట్ తీసి ట్యాంకు మీద పెట్టుకుంటారు, అంతే జరిగేది. గుడ్డతో పెట్టిన హెల్మెట్ మేలా, ట్యాంకు మీదున్న హెల్మెట్ మేలా?

ఆటోనగర్_కుర్రాడు:
ఆ లెక్కన నువ్వే కరెక్ట్ తమ్ముడూ. కానీ ముడి మాత్రం వద్దు. ముడి గురించే నా గొడవంతా.

బ్రాడీపేట_టీచరమ్మ:
మీరంతా జుట్టు లేని సమస్యలు చెబుతున్నారు. నేను స్కూటీ మీద రోజూ లక్ష్మీపురం వెళతాను. నూనె రాసుకున్న తల, జడ, పైన చున్నీ చుట్టు, ఆ పైన హెల్మెట్. నెల తిరిగేసరికి లోపలి స్పాంజి పచ్చళ్ల జాడీ మూత కింద గుడ్డలా తయారైంది. నా స్టిక్కర్ బొట్లు నాలుగు దానికే అతుక్కుని ఉన్నాయి, ఏ రోజువో తెలియదు.

నుదుటి మీద వరుసగా సన్నటి పొక్కులు వస్తే చెమటకాయలనుకుని పౌడర్ కొట్టాను. ఇంకా పెరిగాయి. చర్మం డాక్టరు గారు చూసి, ఇది రాపిడి వల్ల వచ్చిందన్నారు. ఒకేచోట నొక్కుకుని, తడిగా ఉండి, నూనె కలిసి రంధ్రాలు మూసుకుపోతే మొటిమల్లా లేస్తాయట. పౌడర్ చెమటతో కలిసి పిండిముద్ద అవుతుంది, మానేయమన్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం లోపలి కుషన్ బటన్లు ఊడదీసి, బేబీ షాంపూ నీళ్లలో పిండి, నీడలో ఆరేస్తున్నాను. పనికి వెళ్లే రోజు తలకు నూనె ఉండదు, రాత్రే. రెండు వారాల్లో పొక్కులు తగ్గాయి. అందుకే నా ప్రశ్న వేరు: గుడ్డ కట్టాలా అని కాదు, ఆ గుడ్డ రోజూ ఉతుకుతున్నారా? డెలివరీ బాబూ, హ్యాండిల్‌కి ఆరేసినది ఉతికినట్టు కాదమ్మా. దుమ్మంతా దానికే పడుతుంది.

రెండుపూటలా_డెలివరీ:
మేడమ్ 🙏 దొరికిపోయాను.

లెక్చరర్_గుణదల:
ఫిజిక్స్ చెప్పేవాణ్ని, కొంచెం ఓపిక పట్టండి. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆవిరైతే చల్లబడుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరైనప్పుడు ఒంట్లోంచి దాదాపు 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. అదే గ్రాము బొట్టుగా కారి కంట్లో పడితే చల్లదనమూ లేదు, మంట మిగులుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. మే నెల మధ్యాహ్నం పడమటి గాలి కొడుతుంటే ఎండ మాడుస్తుంది కానీ చెమట కాస్త ఆరుతుంది. సాయంత్రం గాలి తూర్పుకి తిరిగిందంటే ఉక్క. గాలిలోనే నీళ్లున్నప్పుడు చెమట ఎక్కడికి పోతుంది? హెల్మెట్ లోపలైతే మరీను. బండి పోతుంటే ముందు రంధ్రాల్లోంచి దూరిన గాలి వెనక రంధ్రాల్లోంచి పోతుంది. సిగ్నల్లో నిలబడితే ఆ రంధ్రాలు అలంకారానికే.

అందుకని "చెమట పీల్చే గుడ్డ", "త్వరగా ఆరే గుడ్డ" అని రెండున్నాయి, ఏది కావాలో తేల్చుకోండి. నూలు తన పోగులోకే తేమను పీలుస్తుంది. మామూలు వాతావరణంలోనే బరువులో 8 శాతం దాకా తేమ ఉంటుంది దానిలో. పాలిస్టర్‌లో అర శాతం కూడా ఉండదు. పాలిస్టర్ నీటిని పోగులోకి రానీయదు, పైపైన పరచి ఆరబెడుతుంది. హైవే మీద ఆగకుండా పోయేవాడికి పలుచటి పాలిస్టర్ టోపీ పనికొస్తుంది. బీసెంట్ రోడ్డు పరిసరాల్లో అంగుళం అంగుళం కదిలేవాడికి నూలే మంచిది, కాకపోతే గంటకోసారి మార్చాలి. తడిసిన నూలు గుడ్డ ఇంక పీల్చదు, కొళాయి అవుతుంది.

కృష్ణలంక_బుల్లెట్:
ఇంత చర్చ ఎందుకు గురూ. నేను డ్రిల్లింగ్ మిషన్‌తో హెల్మెట్‌కి నుదుటి దగ్గర నాలుగు బెజ్జాలు కొట్టించా. సూపర్ గాలి.

సైట్_సేఫ్టీ:
బుల్లెట్ గారూ, ఆ హెల్మెట్ ఇంక వాడకండి. నిజంగానే చెబుతున్నా. డిప్పకి బెజ్జం పడిన చోట నుంచి దెబ్బకి బీట తీస్తుంది. రంధ్రాలు కావాలంటే కంపెనీ వాళ్లు పరీక్ష చేసి పెట్టినవే ఉండాలి. అలాగే లోపల ఫెవిక్విక్, థిన్నర్, పెట్రోల్ లాంటివి తగలనీయకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. తుడవడానికి సబ్బు నీళ్లు చాలు.

నేను అమరావతి వైపు బిల్డింగ్ సైట్‌లో సేఫ్టీ చూస్తాను. మా పసుపు హెల్మెట్ల కథ వేరు. బండి హెల్మెట్‌కి భారత ప్రమాణం ఐఎస్ 4151, మా దానికి ఐఎస్ 2925. లోపల థర్మోకోల్ కాకుండా బెల్టుల గూడు ఉంటుంది. తలకీ డిప్పకీ మధ్య అంగుళానికి పైగా ఖాళీ ఉంటుంది. పైనుంచి ఇటుక పడితే బెల్టులు సాగి, ఆ ఖాళీలోనే దెబ్బ అరిగిపోవాలి. మావాళ్లు ఆ ఖాళీలో తువ్వాలు, బీడీకట్ట, ఒకాయనైతే ఫోను పెట్టాడు! అవన్నీ తీయించడమే ఉదయం నా మొదటి పని.

చెమటకి దారి నుదుటి పట్టీయే. బెల్టుకి ముందువైపు తొడిగే పట్టీ అది, ఊడదీసి మార్చవచ్చు. రెగ్జిన్ పట్టీ చెమట పీల్చదు, నుదుటిని కోస్తుంది. టర్కీ టవల్ గుడ్డ పట్టీ పీలుస్తుంది, కానీ మనిషికి రెండు ఉండాలి, భోజనాల వేళ మార్చుకోవాలి. మా దగ్గర మేస్త్రీలు కొందరు పలుచటి శానిటరీ లైనర్ అంటిస్తారు. నవ్వకండి, పనిచేస్తుంది. లావు ప్యాడ్ వద్దు, లోపలి జెల్ తడికి ఉబ్బి నుదుటి మీద గట్టు కడుతుంది. సిలికాన్ పట్టీలు కూడా చూశాను, అవి పీల్చవు, చెమటను చూరు నీళ్లలా చెవుల వైపు మళ్లిస్తాయి. ఎండలో వంగి పనిచేసేవాళ్లకి అంతగా కుదరలేదు, తల వంచితే అంతా ముందుకే వస్తుంది. నిటారుగా కూర్చునే బండివాళ్లకి కుదరవచ్చు.

కర్చీఫ్ మాటకొస్తే నాది మధ్యేమార్గం. ఒక్క పొర, ముడి లేకుండా, తల చుట్టూ ఒకే మందం. హెల్మెట్ కొనేటప్పుడే అది కట్టుకుని సైజు చూసుకోవాలి. హెల్మెట్ కొని తర్వాత అది ఇరికించకూడదు.

రిటైర్డ్_కండక్టర్:
మా రోజుల్లో హెల్మెట్లే లేవు, హాయిగా తిరిగాం. ఇప్పుడు నేను టోపీ లాంటి హాఫ్ హెల్మెట్ పెట్టుకుంటున్నాను. నుదురూ చల్లగా, పోలీసుకీ చూపించినట్టు.

బందరురోడ్డు_బండి:
బాబాయ్ గారూ, ఆశ నాకూ పుట్టింది. కానీ గడ్డం నేలకి కొడితే టోపీ ఏం చేస్తుంది?

ఆటోనగర్_కుర్రాడు:
రోడ్డు పక్కన 200కి అమ్మే ఆ టోపీలకి చాలావాటికి ఐఎస్ఐ మార్కు ఉండదు. 2021 జూన్ 1 నుంచి మార్కు లేనివి తయారుచేయడం, అమ్మడం కూడా నేరమే. హెల్మెట్ లేకపోతే మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు పక్కన పెట్టేయడం సరే, దాని సంగతి వదిలేయండి. హెల్మెట్ ఉన్నవాళ్లకి చావు ముప్పు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గిందని వైద్య పరిశోధనలన్నీ కలిపి చూసే కోక్రేన్ అనే సంస్థ వాళ్ల సమీక్ష 2008లో తేల్చింది. బాబాయ్ గారూ, మీరొస్తే నుదుటి దగ్గర పెద్ద రంధ్రాలున్న, ముఖం ముందు తెరిచి ఉండే ఓపెన్ ఫేస్ హెల్మెట్ చూపిస్తా. ఐఎస్ఐదే.

రిటైర్డ్_కండక్టర్:
వస్తాను. టీ ఇప్పించాలి.

బందరురోడ్డు_బండి:
మూడు వారాలు దాటింది, ఏం చేశానో చెబుతాను.

కొలిస్తే నా తల 57న్నర. వాడుతున్నది 600. అంటే లూజు. బావమరిది ముఖం చూడాల్సింది, ఆ రోజంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. 580 కొన్నాను. పదిహేను నిమిషాలకే నుదుటి మధ్యలో నొప్పి, తీస్తే రూపాయి బిళ్లంత ఎర్రమచ్చ. షాపులో చెబితే "మీది పొడుగు తల, ఇది గుండ్రటి డిప్ప" అని ఇంకో మోడల్ పెట్టి, షాపులోనే ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. ఈసారి మచ్చ లేదు, బుగ్గలు మాత్రం బిగుతుగా ఉన్నాయి. అవి నెలలో సర్దుకుంటాయట. సైజు ఒక్కటే చూస్తే సరిపోదని, తల ఆకారం కూడా ఉంటుందని నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

తర్వాత మా వీధి టైలర్ చేత పాత బనియన్ గుడ్డతో మూడు పట్టీలు కుట్టించాను. రెండంగుళాల వెడల్పు, ఒకటే పొర, వెనక ముడికి బదులు సన్నటి ఎలాస్టిక్. 90 రూపాయలు. మొదట టర్కీ టవల్‌తో కుట్టించాను, మందమై హెల్మెట్ పైకి లేచింది, దాన్ని వంటింట్లో పెట్టేశారు.

ఫలితం: కాజ టోల్‌గేట్ దాకా కళ్లలోకి చుక్క రాలేదు. ఆ తర్వాత మొదలవుతుంది. కాబట్టి మంగళగిరిలో టీకి ఆగినప్పుడే పట్టీ మార్చి, తడిది జిప్ కవర్లో వేస్తున్నాను. బెంజ్ సర్కిల్ సిగ్నల్లో తల ఉడకడం మాత్రం ఏమీ మారలేదు, లెక్చరర్ గారు చెప్పినట్టు అక్కడ గాలే లేదు. ఆగినప్పుడు వైజర్ ఎత్తుకుంటున్నాను, అంతే.

గుడ్డ కట్టాలా వద్దా అన్న గొడవ మా ఇంట్లో తేలలేదు. "నేను చెప్పిందే నిజమైంది, కర్చీఫ్ తీసేశావు కదా" అంటాడు మా బావమరిది. "గుడ్డ ఇంకా ఉంది కదా" అంటాను నేను.

రెండుపూటలా_డెలివరీ:
అన్నా, ఆ టైలర్ పదిహేను కుడతాడా? మావాళ్లు ఐదుగురు అడుగుతున్నారు, మనిషికి మూడు.

బ్రాడీపేట_టీచరమ్మ:
మనిషికి ఒక రంగు పెట్టించండి బాబూ, కలిసిపోకుండా.