అప్‌డేట్: కాల్షియం తీసేస్తే కణాలు ఎందుకు విడిపోతాయి?

పోయిన వారం అడిగింది నేనే. ఈడీటీఏ (కాల్షియంను పట్టేసుకునే రసాయనం) పోయంగనే ఒకదానికొకటి అతుక్కున్న కణాలు ఎందుకు విడిపోతాయని. జవాబులు చెప్పిన అక్కలకు, అన్నలకు చాలా థాంక్స్.

కణాలను ఒకదానికొకటి అతికించే ప్రొటీన్ పేరు కాడ్‌హెరిన్. మామూలు రకం కాడ్‌హెరిన్‌కు కణం బయట ఐదు డొమైన్లు (ప్రొటీన్‌ల విడివిడి ముక్కలు), నడుమ నాలుగు కీళ్లు. కీలుకు మూడు కాల్షియం అయాన్లు, మొత్తం 12. ఇది బుర్రకెక్కాలని జడ్చర్లలో మా ఇంట్ల ఐదు పల్లికాయలు దారానికి గుచ్చిన. ఎత్తి పట్టుకుంటే వేలాడింది. ఒక్కో కీలుకు మూడు అగ్గిపుల్ల ముక్కలు చుట్టి కట్టిన, నిటారుగా నిలబడ్డది. ఆ పుల్లలే కాల్షియం. వాటిని ఈడీటీఏ లాగేసుకుంటే ప్రొటీన్ మెత్తబడి పక్క కణం కాడ్‌హెరిన్‌ను పట్టుకోలేదు.

ట్రిప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) గురించి అడిగిన అన్నకు: కాల్షియం ఉన్నంతసేపు కాడ్‌హెరిన్‌ను అది సులువుగా కోయలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది లోపలి సంగతి. కణం లోపలున్న కాడ్‌హెరిన్ తోకకు బీటా-కెటెనిన్ అనే ప్రొటీన్ అతుక్కుంటది, దానికి ఆల్ఫా-కెటెనిన్ అనే ఇంకో ప్రొటీన్, అక్కడి నుంచి కణానికి ఆకారం ఇచ్చే ఆక్టిన్ తీగలు. అదే బీటా-కెటెనిన్ వింట్ సిగ్నల్ (కణం బయటి నుంచి వచ్చే ఒక కబురు) అందితే కేంద్రకంలోకి పోయి జన్యువులను నడిపిస్తది. పట్టు నిలిపేదీ, కబురు మోసేదీ ఒకటే ప్రొటీన్! మా డిగ్రీ నోట్సుల దీని మీద ఒక్క లైను లేదు, అదే బాధ.

ఇంటెగ్రిన్లు (కణాన్ని దాని చుట్టూ ఉన్న పదార్థానికి అతికించే ప్రొటీన్లు) ఇంకా చదువుతున్న.