99/4ఏ కార్ట్రిడ్జ్: వీ2.2 మెషీన్లను వదిలేద్దామా, గ్రోమ్ పెడదామా?

టంకంచేయి (బెంగళూరు):
మన తర్వాతి బోర్డు డిజైన్ ఖాయం చేసేలోపు ఇది తేలాలి. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వారి పాత హోమ్ కంప్యూటర్ 99/4ఏ టైటిల్ స్క్రీన్ మీద 1981 అని ఉంటే, ఆ మెషీన్ >6000 అడ్రస్ దగ్గర (> అంటే హెక్స్ అంకె) ఏఏ బైటు చూసి ఈప్రామ్‌లోని, అంటే మనం కాల్చుకునే మామూలు రోమ్ చిప్పులోని, ప్రోగ్రామ్ పేరు మెనూలో వేస్తుంది. 1983, వీ2.2 అని ఉంటే రోమ్ వైపు చూడనే చూడదు. గ్రోమ్‌లో, అంటే టీఐ సొంత రకం రోమ్ చిప్పులో, హెడర్ (ప్రోగ్రామ్ ఉందని చెప్పే మొదటి బైట్లు) ఉంటేనే గుర్తిస్తుంది. బయటి కంపెనీల కార్ట్రిడ్జ్‌లకు అడ్డుకట్ట వేయాలని టీఐ చేసిన పని అది. రంగు చూసి నిర్ణయించకండి, లేత గోధుమరంగు పెట్టెలన్నీ వీ2.2 కావు.
నా ఓటు ఈప్రామ్ ఒక్కదానికే. బోర్డు చిన్నది, చిప్పులు తక్కువ, చెడేదీ తక్కువ.

జయనగర్_జంపర్:
అన్నా, ఒప్పుకోను. కావలసిన గ్రోమ్ ఎంతో లెక్కేయండి: 16 బైట్ల హెడర్, ప్రోగ్రామ్ లిస్టు, పేరు, చివర 0ఎఫ్ 70 అనే రెండు బైట్లు. ఆ రెండూ గ్రోమ్‌లో రాసే భాష జీపీఎల్‌లో ఎక్స్ఎమ్ఎల్ >70 అనే ఆజ్ఞ. రోమ్‌లో >6010 దగ్గరున్న అడ్రస్ తీసుకుని అక్కడికి దూకుతుంది. మొత్తం 64 బైట్లు దాటదు. దాని కోసం ఒక చిన్న ఏవీఆర్ మైక్రోకంట్రోలర్ చాలు, గ్రోమ్‌లా నటిస్తుంది: డేటాకు 8 పిన్నులు, గ్రోమ్ సెలెక్ట్, చదువా రాతా తెలిపే లైను, ఏ14 అనే అడ్రస్ లైను, రెడీ లైను. అంటే 12. ఇంత చిన్నదాని కోసం కొందరి మెషీన్లలో మెనూ ఖాళీగా వదిలేయడం న్యాయం కాదు.

టంకంచేయి:
బైట్లు తక్కువే, చిక్కు బైట్లలో లేదు. గ్రోమ్‌కు మామూలు రోమ్‌లా పూర్తి అడ్రస్ లైన్లు ఉండవు. >9C02కి రెండు బైట్లుగా అడ్రస్ రాస్తాం, >9800 చదివిన ప్రతిసారీ అది దానంతటదే ఒకటి పెరుగుతుంది. బస్సు మీదున్న ప్రతి గ్రోమూ సొంతంగా ఈ లెక్క పెట్టుకోవాలి, చదువుతున్నది కన్సోల్ గ్రోమ్‌ని అయినా సరే. ఏవీఆర్ ఒక్క చదువు మిస్సయితే లెక్క తప్పుతుంది. తర్వాత >9802 నుంచి అడ్రస్ వెనక్కి చదివినప్పుడు అన్నీ ఒకేసారి జవాబిస్తాయి, ఒకటి ఒక మాట, ఇంకొకటి మరో మాట. అప్పుడు ఈప్రామ్‌తో హాయిగా నడిచే 1981 మెషీన్ కూడా వేలాడిపోతుంది. కొందరికి మేలు చేయబోయి అందరికీ జబ్బు అంటించినట్టవుతుంది.

జయనగర్_జంపర్:
అది ఫర్మ్‌వేర్ లోపం, ఆలోచన లోపం కాదు. లెక్క పెంచేటప్పుడు పై మూడు బిట్లు కదలకూడదు, 8 కేబీ లోపలే తిరగాలి: >7FFF తర్వాత >6000. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, మామూలు 16 బిట్ల కౌంటర్ పెట్టేస్తారు. ఇది సరిగ్గా రాసి, ఏవీఆర్‌కి వేరే పనేదీ ఇవ్వకుండా ఉంటే లెక్క తప్పదు.

పాతపెట్టె:
ఇద్దరికీ ఒక మాట. ఫైనల్‌గ్రోమ్ 99 (ఫైళ్లు వేసి నడిపే కార్ట్రిడ్జ్) ఉన్నవాళ్లకు ఫైలు ఇస్తే చాలు, అది గ్రోమ్‌ను అనుకరిస్తుంది కాబట్టి వీ2.2లోనూ నడుస్తుంది. కానీ కార్ట్రిడ్జ్ చేతికివ్వాలంటే జంపర్ గారి దారే సరి.
బ్యాంకుల సంగతి, అంటే ఒకే అడ్రస్‌లో వంతులవారీగా కనిపించే ఈప్రామ్ ముక్కల సంగతి, మర్చిపోకండి. బ్యాంకు నంబరు పట్టి ఉంచే 74ఎల్ఎస్378 చిప్పుకి క్లియర్ పిన్ను లేదు. కరెంటు వేయగానే ఏ బ్యాంకు తెరుచుకుంటుందో చెప్పలేం. అందుకే ప్రతి బ్యాంకులోనూ మొదటి ముక్క ఒకేలా ఉండాలి: అదే హెడర్, >6010లో అదే అడ్రస్, ఆ అడ్రస్‌లో >6000కి ఒక రాత (CLR @>6000 గానీ, అలాంటి మరో ఆజ్ఞ గానీ), వెంటనే అసలు మొదలుకి ఒక దూకుడు. రాత జరిగిన క్షణంలో కాళ్ల కింద బ్యాంకు మారిపోతుంది, తర్వాతి ఆజ్ఞ బ్యాంకు 0 నుంచి వస్తుంది. రెండు చోట్లా ఒకే కోడ్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. బ్యాంకు 1కి >6002, అంటే ఏ14 నుంచే మొదలుపెట్టాలి. ఏ15ని లెక్కలోకి తీసుకోకండి, 16 బిట్ల రాత రెండు బైట్లుగా వస్తుంది. 74ఎల్ఎస్379 తలకిందుల అవుట్‌పుట్లు వాడితే బ్యాంకుల వరుస తిరగేసి కాల్చాలి.

టంకంచేయి:
సరే, అయితే నా షరతు: ఏవీఆర్ సాకెట్‌లో ఉండాలి, బోర్డుకు అతికించొద్దు. 1981 మెషీన్ ఉన్నవాళ్లు తీసేసి వాడుకుంటారు.

జయనగర్_జంపర్:
దానికి ఒప్పుకుంటా. రోమ్ హెడర్ అలాగే ఉంచితే ఏవీఆర్ పెట్టిన పాత మెషీన్‌లో పేరు రెండుసార్లు కనిపిస్తుంది, ఏది నొక్కినా ఒకే చోటికి వెళ్తుంది.

పాతపెట్టె:
ఎస్పీ రోడ్డులో సాకెట్లు కొనేముందు వైరింగ్ ఇంకోసారి చూడండి. టీఐ బిట్లను పైనుంచి లెక్కపెడుతుంది: దాని డీ0 ఈప్రామ్ డీ7కి, దాని ఏ15 ఈప్రామ్ ఏ0కి, ఏ3 ఏ12కి. పోర్టులో మైనస్ 5 వోల్టులు కూడా ఉంటాయి. ఆ పిన్ను ఎక్కడికీ కలపొద్దు, కొత్త చిప్పుకు తగిలిందంటే అంతే సంగతులు. మొదట ఏవీఆర్ లేకుండా 1981 మెషీన్‌లో, తర్వాత అదే మెషీన్‌లో ఏవీఆర్‌తో, ఆఖరున వీ2.2లో పెట్టి చూడండి. రెండో మెట్టులో వేలాడితే తప్పు లెక్క దగ్గరుంది, మూడో మెట్టులో మెనూ ఖాళీగా ఉంటే గ్రోమ్ హెడర్ దగ్గరుంది.