ఇంట్లో మొక్కల గదికి గాలి ఏర్పాటు: ఎగ్జాస్ట్ ఎంతది పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

బెజవాడ_మేడతోట:
అందరికీ నమస్కారం. విజయవాడలో మా మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. పొడవు 12, వెడల్పు 10, ఎత్తు 10 అడుగులు. పడమటి గోడకు ఒక కిటికీ, తూర్పున తలుపు. రెండు ర్యాకుల్లో ముల్లంగి, ఆవ, పొద్దుతిరుగుడు మైక్రోగ్రీన్స్ (లేతగా ఉన్నప్పుడే కోసే మొలకలు), ఇంకో ర్యాకులో లెట్యూస్ వేద్దామని ఆలోచన. ఎల్‌ఈడీ లైట్లన్నీ కలిపి 400 వాట్లు. కిటికీలో 6 అంగుళాల ఎగ్జాస్ట్ పెడితే చాలా? ఏసీ కొనక తప్పదా? షాపులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో సైజు చెబుతున్నారు. ఇలాంటి గది నడిపినవాళ్లు చెప్పండి.

కొండాపూర్_ఆకుకూర:
షాపువాళ్లు గది కొలతలు అడిగి సైజు చెబుతారండి. అసలు అడగాల్సింది లైట్ల వాట్లు. ఎల్‌ఈడీ అయినా మొక్క వాడుకునే శక్తి చాలా స్వల్పం, మీ 400 వాట్లలో దాదాపు అంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. నేను వాడే లెక్క ఇది. వాట్లను, బయటికంటే లోపల ఎన్ని డిగ్రీలు ఎక్కువున్నా ఫర్వాలేదో ఆ సంఖ్యతో భాగించి, 3తో హెచ్చవేస్తే గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి మారాలో వస్తుంది. మీకు 3 డిగ్రీల తేడా చాలనుకుంటే గంటకు 400 ఘనమీటర్లు, అంటే సుమారు 235 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). మీ గది 1200 ఘనపుటడుగులు కాబట్టి ఐదు నిమిషాలకోసారి గాలంతా మారుతుంది.

అయితే ఫ్యాన్ పెట్టె మీద రాసే అంకె ముందు ఏ అడ్డూ లేనప్పటిది. దోమల మెష్, డక్టు, ఒక వంపు వచ్చేసరికి అందులో మూడో వంతు పోవచ్చు, సగం కూడా పోవచ్చు. అందుకే 350 నుంచి 400 సీఎఫ్‌ఎం ఉన్న 6 అంగుళాల ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్ (గాలి గొట్టం మధ్యలో బిగించేది) తీసుకుని, స్పీడు తగ్గించి నడపండి. బాత్రూముల్లో బిగించే మామూలు రెక్కల ఫ్యాన్ సైజు అదే అయినా, ఎదురు ఒత్తిడి తగిలితే చతికిలపడుతుంది. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి ఫ్యాన్ కిటికీ పైభాగంలో, గాలి వచ్చే దారి తలుపు కింది భాగంలో. రెండూ ఎదురెదురు గోడల మీద ఉండటం మీ గదికి కలిసొచ్చిన విషయం. రెండూ పక్కపక్కన ఉంటే కొత్త గాలి ర్యాకుల మొహం చూడకుండానే బయటికి పోతుంది.

ఉప్పాడ_తీరం:
పైన చెప్పింది వేడి లెక్క. మా కోస్తాలో అంతకంటే పెద్ద తలనొప్పి తేమ. ట్రేలకు రోజుకు పది లీటర్లు పోశారనుకోండి. కోతలో కొంచెం బయటికి పోతుంది, మిగతాదంతా ఆకుల్లోంచి, కొబ్బరి పొట్టులోంచి ఆవిరై గదిలోకే చేరుతుంది. ఆ పది లీటర్లూ ఏ దారిన బయటికి పోవాలో ముందే ఆలోచించాలి. దారి లేకపోతే గోడ మీద చెమ్మ, ట్రేలో బూజు, ముల్లంగి మొలకల్లో నారుకుళ్లు (కాడ మొదలు కుళ్లి పడిపోవడం).

వానాకాలంలో బయటి గాలే తడిగా ఉంటే ఎగ్జాస్ట్ ఎందుకని మా దగ్గర చాలామంది ఆపేస్తారు. ఆపొద్దు. బయట 28 డిగ్రీలు, 85 శాతం తేమ ఉన్న గాలి మీ గదిలోకి వచ్చి లైట్ల వేడికి 31 డిగ్రీలు అయితే అదే గాలి తేమ 71, 72 శాతానికి దిగుతుంది. లైట్లు వెలిగినంతసేపు ఆ వేడి మనకు మేలే చేస్తుంది. ప్రమాదమంతా లైట్లు ఆరాక మొదటి గంటా రెండు గంటల్లో. గది చల్లబడుతుంది, ఆకులు ఇంకా ఆవిరి వదులుతుంటాయి, తేమ 90 దాటుతుంది. అందుకే మా గదిలో లైట్లకు, ఫ్యాన్‌కు వేర్వేరు టైమర్లు. లైట్లు ఆరాక ఫ్యాన్ రెండు గంటలు నడుస్తుంది, తర్వాత తేమ కంట్రోలర్ చూసుకుంటుంది.

ఇంకో మాట. ఎగ్జాస్ట్ గదిలో గాలి మారుస్తుందే గానీ ట్రే మీద గాలి కదల్చదు. మైక్రోగ్రీన్స్ ఒత్తుగా ఉంటాయి కాబట్టి కాడల మధ్య తడి గాలి నిలిచిపోతుంది. ప్రతి ర్యాకుకు ఒక చిన్న ఫ్యాన్ పెట్టండి. ఆకు కొద్దిగా ఊగితే చాలు. నేరుగా బలంగా కొడితే పొద్దుతిరుగుడు ఒక పక్కకు వాలి అంచులు ఎండుతాయి. నీళ్లు పైనుంచి చల్లకుండా కింది ట్రేలో పోసి పీల్చుకోనివ్వండి. నారుకుళ్లు తగ్గడానికి ఇదే సగం మందు.

సీమ_పాలకూర:
మా అనంతపురంలో ఏప్రిల్, మేలో ఎయిర్ కూలరే గదిని నిలబెడుతోంది. బయట 40 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే మంచి ప్యాడ్ ఉన్న కూలర్ 26, 27 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే 40 డిగ్రీలు విజయవాడలో 45 శాతం తేమతో ఉంటే 32 దాకానే దిగుతుంది, పైగా గదంతా తడి. మొలకలు ఎలాగో తట్టుకున్నా లెట్యూస్ తట్టుకోదు, పూత కాడ వేసి ఆకు చేదెక్కుతుంది. కాబట్టి మా పద్ధతి మీకు పనికిరాదు అన్నా. కూలర్ పెట్టేవాళ్లు మాత్రం అది తోసే గాలి పోవడానికి ఎదురుగా ఎగ్జాస్టో, తెరిచిన కిటికీయో ఉంచాలి. తలుపులన్నీ మూసి కూలర్ వేస్తే ఉక్కపోతే మిగులుతుంది.

బెజవాడ_మేడతోట:
చాలా థాంక్స్ అండి. అయితే మేలో బయట 44 డిగ్రీలు ఉన్నప్పుడు ఎంత పెద్ద ఎగ్జాస్ట్ పెట్టినా 44 డిగ్రీల గాలే లోపలికి వస్తుంది కదా? అదే నా టెన్షన్.

కొండాపూర్_ఆకుకూర:
సరిగ్గా పట్టుకున్నారు. ఎగ్జాస్ట్ గదిని బయటికంటే చల్లబరచలేదు. ఎండాకాలంలో ముందుగా చేయాల్సింది లైట్లను రాత్రికి మార్చడం. సాయంత్రం ఏడు నుంచి ఉదయం ఏడు దాకా వెలిగించండి, మొక్కకు అది పగలే. బయట కాస్త చల్లబడ్డ వేళలోనే ఫ్యాన్ గట్టిగా పనిచేస్తుంది.

లెట్యూస్ ఏడాది పొడుగునా కావాలంటే మాత్రం ఆ రెండు మూడు నెలలు ఏసీ తప్పదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. 1 టన్ను ఏసీ సుమారు 3500 వాట్ల వేడిని లాగేస్తుంది. మీ లైట్లు అందులో ఎనిమిదో వంతు కూడా కాదు. ఏసీని అసలు కష్టపెట్టేది మీ శ్లాబు, పడమటి గోడ. మేడ మీద గది కాబట్టి పగలంతా కాగిన కాంక్రీటు అర్ధరాత్రి దాకా వేడి దించుతూనే ఉంటుంది. ఏసీ కంటే ముందు శ్లాబు మీద తెల్లని కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, పడమటి గోడకు బయట షేడ్ నెట్ కట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇళ్లలో ఈ వేడి తగ్గించడానికే.

ఏసీ నడిచేటప్పుడు ఎగ్జాస్ట్ ఆపేసి గంటకు ఐదు నిమిషాలు మాత్రం వేయండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల భాగాల్లో 420) పైచిలుకు ఉంటుంది. మూసిన గదిలో లెట్యూస్ దాన్ని వాడేసుకుంటూ పోతే ఎదుగుదల మందగిస్తుంది. మొలకలకు అంత పట్టింపు లేదు, అవి చాలావరకు గింజలోని నిల్వ మీదే పెరుగుతాయి.

మిన్నెసోటా_కరివేపాకు:
మీ చర్చ చదువుతుంటే మా ఇంట్లో సమస్య పూర్తిగా తలకిందులని తెలుస్తోంది. ఇక్కడ అమెరికాలో, మిన్నెసోటాలో, అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా కరివేపాకు, తులసి, కుండీలో మల్లె అన్నీ బేస్‌మెంట్‌లో లైట్ల కిందే ఉంటాయి. బయట మైనస్ 15 డిగ్రీల గాలిలో తేమ దాదాపు ఉండదు. దాన్ని లోపలికి తెచ్చి 20 డిగ్రీలకు వేడి చేస్తే 10 శాతం లోపే. ఎగ్జాస్ట్ వేస్తే కరివేపాకు ఆకులు రాలుస్తుంది, ఎర్రనల్లి (ఆకు రసం పీల్చే సన్నని పురుగు) పట్టుకుంటుంది. అందుకే బయటికి ఫ్యాన్ పెట్టకుండా, బేస్‌మెంట్ గాలిని పై అంతస్తు గాలితో కలిపే చిన్న ఫ్యాన్ ఒక్కటే నడుపుతాం. మొక్కలు వదిలే తేమ ఇంట్లోవాళ్లకూ ఉపయోగమే. ఇక్కడి తెలుగువాళ్లు ఇండియా వీడియోలు చూసి ఎగ్జాస్ట్ బిగించే ముందు ఒక చిన్న తేమ మీటర్ కొని వారం రోజులు చూసుకోండి. మొక్కల ఎత్తులోనే పెట్టాలి, లైటు వెలుగు నేరుగా పడకూడదు.

ఉప్పాడ_తీరం:
మీటర్ మాట అక్షరాలా నిజం అండి. నేల దగ్గర ఒకటి, పై అర దగ్గర ఒకటి పెడితే ఇంకా మంచిది. రెండూ చూపే ఉష్ణోగ్రతకు మూడు నాలుగు డిగ్రీలు తేడా ఉంటే లోపలి గాలి కలవట్లేదని అర్థం.

బెజవాడ గారూ, మెష్ సంగతి. తెల్లదోమ రాకుండా 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) నెట్ వేస్తారు, అది గాలిని బాగా ఆపుతుంది. 6 అంగుళాల ఫ్యాన్ నోరు 28 చదరపు అంగుళాలు. వచ్చే దారి కనీసం దానికి రెట్టింపు ఉండాలి, నెట్ వేస్తే ఇంకా మూడింతలు. తలుపు కింద అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఫ్రేము పెట్టి నెట్ బిగించండి. దారి లేకుండా ఫ్యాన్ వేయడం మూత బిగించిన సీసాలోంచి స్ట్రాతో పీల్చడమే. ఫ్రేము ఊడదీసి కడిగేలా ఉండాలి, బెజవాడ దుమ్ముకు నెలకోసారైనా కడగాలి.

సీమ_పాలకూర:
అన్నా, కిటికీ పడమర అన్నారు. నైరుతి గాలులు నేరుగా ఫ్యాన్ నోట్లోకి కొడతాయి. బయట కిందికి వంగిన హుడ్ పెట్టించండి, గాలి వెనక్కి తన్నదు, వాన జల్లు పడదు. తడి గది కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పకుండా వేయించండి. కరెంటు పోతే లైట్లు ఆగినా ఫర్వాలేదు, ర్యాకు ఫ్యాన్లను మాత్రం ఇన్వర్టర్ లైనులో కలపండి.

బెజవాడ_మేడతోట:
అన్నీ రాసుకున్నాను. ముందు శ్లాబుకు పెయింట్, తలుపు కింద నెట్ ఫ్రేము, కిటికీ పైభాగంలో 6 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్, వేసవికి రాత్రి లైట్లు. ఇప్పటికి మైక్రోగ్రీన్స్ మాత్రమే. లెట్యూస్ నవంబరులో మొదలుపెట్టి ఫిబ్రవరికి ఆపేస్తాను, ఏసీ ఖర్చు ఇప్పుడే వద్దు. చివరిగా ఒకటి, కిటికీ ఎదురుగా పక్కింటివాళ్ల పడకగది ఉంది. రాత్రంతా ఫ్యాన్ చప్పుడుకు ఏం చేయాలి?

కొండాపూర్_ఆకుకూర:
ఫ్యాన్‌ను కిటికీకి బిగించకండి. గది లోపల పైకప్పుకు రబ్బరు పట్టీలతో వేలాడదీసి, అక్కడి నుంచి కిటికీకి ఇన్సులేటెడ్ డక్టు లాగండి. డక్టు ముడతలు లేకుండా బిగుతుగా ఉండాలి, లేకపోతే గాలీ తగ్గుతుంది, హోరూ పెరుగుతుంది. ఈసీ మోటారు (స్పీడును ఎలక్ట్రానిక్‌గా మార్చే రకం) ఉన్నది కొంటే స్పీడు తగ్గించినప్పుడు గుయ్‌మనే శబ్దం రాదు. మామూలు ఫ్యాన్ మోటారుకు సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలిస్తే ఆ శబ్దం వస్తుంది, మోటారూ వేడెక్కుతుంది. హుడ్ నోరు పక్కింటి కిటికీ వైపు కాకుండా కిందికి తిప్పించండి. బిగించాక రాత్రి పది దాటాక ఒకసారి పూర్తి స్పీడులో వేసి, పక్కింటివాళ్లనే అడగండి.