సమస్య: "గొప్పదనిన కథయె గొప్ప గాదు"

నిర్వహణ:
మిత్రులారా, ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదు గణాలూ సూర్యగణాలే, అంటే మూడేసి మాత్రలవే. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) గొ–గొ, కాబట్టి ఈ పాదంతో ఎవరికీ ఇబ్బంది లేదు. పై మూడు పాదాలే మీవి.

విషయం కూడా నేనే ఇస్తున్నాను. మొన్న మైలాపూరులో పొట్టి శ్రీరాములు స్మారక భవనంలో సభ అయ్యాక కాఫీల దగ్గర మార్టిన్ నవలల ఆధారంగా తీసిన టీవీ ధారావాహిక 'గేమ్ ఆఫ్ త్రోన్స్' మీద పెద్ద వాదన జరిగింది. అంతటి కథ ఇంతవరకూ పుట్టలేదని కొందరు, దానికి దక్కిన పేరులో సగం కూడా అది సంపాదించుకోలేదని మరికొందరు. నేను రెండో పక్షం. ముగింపు చూడకముందే మహాకావ్యమని ముద్ర వేశారు. ముగింపు వచ్చాక ఆ ముద్రను మళ్లీ పరీక్షించలేదు. నా పక్షానికి వ్యతిరేకంగా రాసినా సరే, పద్యం నిలబడితే మెచ్చుకుంటాను.

అడయారు:
మొదట మూట గట్టి ముడులెన్ని వేసినన్
విప్పు నేర్పు లేక విడిచెనేని
చదువరులకు మిగులు సందేహ మొక్కటే
గొప్పదనిన కథయె గొప్ప గాదు

నిర్వహణ:
అడయారు గారూ, పూరణ నిర్దోషంగా ఉంది. మూడో పాదంలో చ–స యతి చక్కగా పడింది. సమస్యలోని తీర్పుకు కావలసిన కారణం మొదటి రెండు పాదాల్లోనే చెప్పేశారు. పూరణ అంటే అదే. చాలామంది పై మూడు పాదాల్లోనూ తీర్పునే తిప్పితిప్పి చెబుతారు. మీరు చెప్పిన ముడులేవో కూడా రాయండి, చూడనివారికి తెలుస్తుంది.

అడయారు:
చెబుతాను మాస్టారూ. మొదటి భాగంలో మొదటి దృశ్యమే మంచుగోడ అవతలి శవసేనతో మొదలవుతుంది. సింహాసనం కోసం వీళ్లు కొట్టుకు చస్తున్నారు, అసలు చావు ఉత్తరం నుంచి నడిచి వస్తోందన్నది కథకు ప్రాణం. దాన్ని 2011 నుంచి పెంచుకుంటూ వచ్చి 2019లో ఎనిమిదో సీజన్ మూడో భాగంలో ఒక్క రాత్రితో, ఒక్క కత్తిపోటుతో తేల్చేశారు. ఆ శవసేనను నడిపే మంచురాజు లోకాన్ని ఎందుకు చెరిపేయాలనుకున్నాడో, మంచు మీద ఆ సుడుల గుర్తులెందుకో ఎవరూ చెప్పలేదు. గోడను కాపలా కాసే జాన్ స్నో పుట్టుక రహస్యం ఇంకో ముడి. అతడే అసలు వారసుడని తేలింది. తేలి ఏం జరిగింది? మళ్లీ గోడ దగ్గరికే పంపేశారు. ఆ రహస్యం సింహాసనం తనదేనన్న డెనేరిస్‌ను భయపెట్టడానికి పనికొచ్చింది తప్ప రాజ్యం ఎవరిదన్న ప్రశ్నకు జవాబు కాలేదు. లోకాన్ని కాపాడతాడన్న వాగ్దత్త వీరుడి జోస్యాన్ని చివర్లో తలవనే లేదు.

వేళచ్చేరి:
అన్నా, దూరాల సంగతి కూడా కలపండి. మొదటి భాగంలో రాజు పరివారం ఉత్తరానికి రావడానికి నెల పట్టింది. ఏడో సీజన్లో గోడ అవతల చిక్కుకున్నవాళ్ల కోసం ఒకడు కోటకు పరుగెత్తి, అక్కణ్ణుంచి వార్త మోసే కాకి డెనేరిస్ ఉన్న డ్రాగన్‌స్టోన్ దాకా ఎగిరి, అక్కణ్ణుంచి డ్రాగన్ మీద డెనేరిస్ వచ్చి వాలేదాకా వీళ్లు ఆ గడ్డకట్టిన చెరువు నడుమ బండ మీదే ఉన్నారు. మొదట్లో దూరమే కథకు బలం. వార్త ఆలస్యంగా చేరడం వల్లే మనుషులు తప్పు నిర్ణయాలు తీసుకునేవాళ్లు. ఆ బలాన్ని వాళ్లే తీసేసుకున్నారు.

నా పూరణ. ఆటవెలది ఈ మధ్యే నేర్చుకుంటున్నాను.

రాజులంత చచ్చి రక్తమ్ము పారినా
కొత్త దనుచు మురిసినారు జనులు
భారతమున లేని బలి యేది చెప్పరా
గొప్పదనిన కథయె గొప్ప గాదు

నిర్వహణ:
వేళచ్చేరి గారూ, ఆలోచన చాలా బాగుంది. రెండో పాదంలో గణాలు సరిపోయాయి కానీ యతి తప్పింది. కొ–నా కుదరదు, ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాల పొత్తు) కూడా లేదు. మొదటి పాదం కాస్త బరువు పెంచవచ్చు. ఇలా చూడండి:

రాజులెల్ల గూలి రక్తమ్ము పారినన్
కొత్త దనుచు మురియ గూడదన్న
భారతమున లేని బలి యేది చెప్పరా
గొప్పదనిన కథయె గొప్ప గాదు

కొ–గూ యతి. 'అన్న' సంబోధన కాబట్టి ఎదుటివాడితో మాట్లాడుతున్న ధోరణి వచ్చింది, చివరి ప్రశ్న దానికి అతికింది. భారతం పాదం పూర్తిగా మీదే, అందులో వేలు పెట్టలేదు.

మైలాపూరు:
ఆ భారతం మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఈ కథను మెచ్చేవాళ్లు మొట్టమొదట చెప్పేది 'ఇందులో నాయకుడే చచ్చిపోతాడు' అని. నెడ్ స్టార్క్ తల తెగింది, పెళ్లి విందులో అతని కొడుకు రాబ్‌నీ తల్లినీ చంపారు, కాబట్టి ఇది లోకంలో లేని ధైర్యం అంటారు. సౌప్తిక పర్వం చదివినవాడికి ఆ మాట ఎలా రుచిస్తుంది? యుద్ధం గెలిచారు. ఇక అంతా అయిపోయింది అనుకున్న రాత్రి అశ్వత్థామ శిబిరంలోకి చొరబడి నిద్రలో ఉన్న ఉపపాండవులను చంపాడు. ధృష్టద్యుమ్నుడికి ఆయుధం పట్టి చచ్చే మర్యాద కూడా దక్కలేదు. తిక్కనగారు తెనిగించిన 15 పర్వాల్లో అదీ ఒకటి. ఆ వెంటనే స్త్రీపర్వం వస్తుంది. చచ్చినవాళ్ల తల్లులూ భార్యలూ యుద్ధభూమిలో ఒక్కొక్క శవాన్ని గుర్తుపడుతూ నడుస్తారు. చంపడం ఎవరైనా రాస్తారు. చంపాక ఆ ఏడుపుకు ఒక పర్వం కేటాయించడం పెద్ద విషయం. ఆ పెళ్లి విందుకు 1440లో స్కాట్లండ్‌లో జరిగిన నిజమైన విందు హత్య ఒక ప్రేరణ అని మార్టిన్ గారే చెప్పుకున్నారు. ఆయన నిజాయతీపరుడు. కొత్త అన్నది అభిమానులు తగిలించిన మాట.

పెరంబూరు:
మాస్టారూ, వ్యతిరేకంగా రాసినా సరే అన్నారు కదా.

తెరను ముగిసినంత తీర్పిత్తురా మీరు
కలము నాపలేదు కథకుడింక
సగము చదివి యిట్లు చాటింపనేలయా
"గొప్పదనిన కథయె గొప్ప గాదు"

నిర్వహణ:
పెరంబూరు అమ్మా, సమస్యా పాదాన్ని ఎదుటివాళ్ల మాటగా మార్చి దానినే తప్పుపట్టారు. పాత అవధానాల్లో మెచ్చుకునే ఒడుపు ఇది. తె–తీ, క–క, స–చా, యతులన్నీ సరిగా ఉన్నాయి. నా పక్షం మీద దెబ్బ గట్టిగానే పడింది.

అడయారు:
అక్కా, పద్యానికి నమస్కారం. వాదన మీదే నా అభ్యంతరం. మొదటి పుస్తకం 1996లో వచ్చింది, ఐదోది 2011లో. ఆరోది ఇంకా రాలేదు, ఏడోదాని మాట సరేసరి. సగం చదివి తిట్టకూడదంటే సగం చదివి ఆకాశానికెత్తడం మాత్రం ఎలా కుదురుతుంది?

పెరంబూరు:
కుదురుతుంది తమ్ముడూ, ఎందుకంటే ఒక్కొక్క అధ్యాయం తన మట్టుకు తాను నిలబడుతుంది. జేమీ లానిస్టర్‌ను చూడు. పిల్లవాణ్ణి కిటికీలోంచి తోసేసినవాడు, రాజును వెన్నుపోటు పొడిచినవాడు. రెండు పుస్తకాల పాటు అతణ్ణి మనం ఇతరుల కళ్లతోనే చూస్తాం, అసహ్యించుకుంటాం. మూడో పుస్తకంలో మొదటిసారి అధ్యాయం అతని లోపలినుంచి మొదలవుతుంది. చెయ్యి తెగి, స్నానాల గదిలో వేడినీళ్ల తొట్టెలో కూర్చుని, తాను చంపిన పిచ్చిరాజు నగరం మొత్తాన్ని తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడని చెబుతాడు. లక్షలమందిని కాపాడిన పనికే జీవితమంతా ద్రోహి అనిపించుకున్నాడు. నేను కాలేజీలో పాఠం చెబుతాను. పాఠకుడి తీర్పును అతని చేతే తిరగరాయించే ఇలాంటి ఘట్టం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. తెర మీద అతణ్ణి చివరికి అతని కవల సోదరి, ప్రేయసి అయిన సెర్సీ ఒళ్లోకే పంపేశారు. అది పుస్తకం తప్పు కాదు.

నిర్వహణ:
జేమీ విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ మూడో పుస్తకం రాసిన చెయ్యి సామాన్యమైనది కాదు. నా బాధ కూడా అక్కడినుంచే వస్తోంది. నాలుగైదు పుస్తకాల్లో కొత్త దేశాలు, కొత్త వంశాలు, కొత్త పేర్లు వచ్చిపడ్డాయి. మనం ప్రాణం పెట్టుకున్న మనుషులు దారుల్లోనే ఉండిపోయారు. కథ విస్తరించడాన్నే లోతు అనుకున్నారు చదివేవాళ్లు. ఆ పొగడ్తే రచయితకు భారమై ఉంటుందని నా ఊహ.

వడపళని:
చందమామ లోన చదివితి మెన్నడో
ఇట్టి వింత లెన్నొ యింటిలోనె
పరుల యింట వెలుగు పరమాద్భుతంబంచు
గొప్పదనిన కథయె గొప్ప గాదు

1947 జూలైలో చందమామ పుట్టింది మన చెన్నపట్నంలోనే. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, కంచుకోట, జ్వాలాద్వీపం, వాటికి చిత్రాగారు వేసిన రాక్షసులు, కోటలు చూస్తూ పెరిగాం. డ్రాగన్లు చూసి ఇప్పుడు నోరు తెరవాలా?

నిర్వహణ:
వడపళని గారూ, పద్యంలో దోషం లేదు. ధార కూడా బాగుంది. వాదనతో మాత్రం నేను ఏకీభవించను. మన ఇంట్లో దీపం ఉందన్నంత మాత్రాన పక్కింటి వెలుగు తగ్గదు. దాసరిగారి ధారావాహికలు నాకూ ప్రాణం. కానీ ఈ కథ లోపం ఈ కథలోనే చూపాలి. పరాయిది కాబట్టి తక్కువ అంటే, రేపు ఇంకొకరు మన కథను అదే మాటతో తోసేస్తారు.

పెరంబూరు:
ఈ మాటకు మాస్టారికి ధన్యవాదాలు. అయితే పరాయి అన్న కోణంలోనే నిజమైన అభ్యంతరం ఒకటుంది, నా పక్షానికి నష్టమైనా చెబుతాను. మూడో సీజన్ చివర విడుదలైన బానిసలంతా చేతులు చాచి, తెల్లజుట్టు డెనేరిస్‌ను తల్లీ అని పిలుస్తూ భుజాల మీదికి ఎత్తుకుంటారు. పై నుంచి చూపిస్తారు. గోధుమరంగు ఒళ్ల సముద్రం, నడుమ ఆమె ఒక్కతే. ఆ గుంపులో ఒక్క మనిషికీ పేరు లేదు. తూర్పుదేశాలవాళ్లను ఆ కథ మొత్తం అలాగే చూసింది.

టి.నగర్:
పసిడి బొమ్మలెన్ని పంచి యిచ్చిన గాని
మనసు నిండకున్న మంచి దగునె
వాడవాడలోన వారెల్ల పొగడినన్
గొప్పదనిన కథయె గొప్ప గాదు

నిర్వహణ:
మూడో పాదంలో 'వారెల్ల' ఎవరో తెలియడం లేదు, అన్వయం జారింది. "వాడవాడ జనులు వంతపాడినయంత" అంటే సరిపోతుంది. పసిడి బొమ్మల మాట సందర్భానికి తగింది. ఆఖరి సీజన్‌ను మళ్లీ తీయమని 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టిన ఆ 2019లోనే, ఉత్తమ డ్రామాకు ఇచ్చే ఎమ్మీ, అంటే అమెరికా టీవీ పురస్కారపు పసిడి బొమ్మ, కూడా అదే సీజన్‌కు వచ్చింది.

మైలాపూరు:
సురల కథల నల్లి సూరన్న ముగియించె
అన్ని ముడులు వేసి యన్ని విప్పె
అట్టి నేర్పు గన్న యాంధ్రుల కీనాడు
గొప్పదనిన కథయె గొప్ప గాదు

నిర్వహణ:
అయ్యా, ఇది పెద్దల పూరణ. అడయారు గారి 'ముడి–విప్పు'నే అందుకుని దానికి ఉదాహరణ చూపించారు. వడపళని గారి పద్యానికీ దీనికీ తేడా గమనించండి. మనది అని కాదు, నేర్పు అని అన్నారు. కొలత దొరికింది. ఆ సూరన్న రాసిన కళాపూర్ణోదయం చదవనివారి కోసం నాలుగు మాటలు రాయండి.

మైలాపూరు:
16వ శతాబ్దంలో పింగళి సూరన నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చిన ఎనిమిది ఆశ్వాసాల కావ్యం. ద్వారకలో కలభాషిణి ఉయ్యాల ఊగుతుంటే ఆకాశంలో రంభా నలకూబరుల విమానం కనిపించడంతో మొదలవుతుంది. ఆమెకు నలకూబరుడి మీద మనసవుతుంది. వరబలంతో రంభ రూపం పొందుతుంది. అటు రంభ మీద మనసుపడ్డ మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. మాయరంభ, మాయనలకూబరుడు, ఇద్దరూ ఎదుటివాడు అసలువాడే అనుకుంటారు. అసలు రంభ వచ్చి పడ్డాక జరిగే తగవు చదివితే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మొదటి ఆశ్వాసాల్లో అర్థం కాని ప్రతి చిన్న మాటకూ తర్వాత కారణం దొరుకుతుంది. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథే వీళ్ల జీవితాలుగా నడుస్తోందని తెలిసేసరికి చదివేవాడు మళ్లీ మొదటికి వెళ్లి చదువుకోవాలి. ముగింపు తెలిశాక మొదలు ఇంకా బాగుండే కథ అది. ఎనిమిది సీజన్లు, 73 భాగాలు చూసినవాళ్లను అడగండి, ముగింపు చూశాక మొదటి భాగం మళ్లీ చూడాలనిపించిందా అని.

వేళచ్చేరి:
నాకు అనిపించలేదు తాతగారూ. మంచురాజు ఎలా పోతాడో తెలిసినప్పటినుంచి ఆ మొదటి దృశ్యం చూస్తే భయం వేయడం లేదు.

పెరంబూరు:
నాకు పుస్తకం మళ్లీ చదవాలనిపిస్తుంది, జేమీ దగ్గరినుంచి. మాస్టారూ, ఆరో పుస్తకం వచ్చిన వారం ఇదే పాదం మళ్లీ ఇవ్వాలి. అప్పుడు మీ చేత 'ఎవడనె' అని మొదలుపెట్టి పూరింపజేస్తాను.

నిర్వహణ:
ఇస్తానమ్మా.   ఈలోగా వేళచ్చేరి గారు ఇదే భావాన్ని కంద పద్యంలో ప్రయత్నించాలి, ప్రాస జాగ్రత్త.