బడి తెరిచాక తల్లిదండ్రులను ఎలా ఆహ్వానిస్తే బాగుంటుంది?

గుంటూరు జిల్లాలో ఓ క్యాథలిక్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. జూన్ 12న బడి తెరుస్తాం. మర్నాడు పాదువాపురి పునీత అంతోనివారి (సెయింట్ ఆంథోనీ) పండుగ. పొద్దున దివ్యబలిపూజ (క్యాథలిక్కుల మాస్ ఆరాధన), తర్వాత తల్లిదండ్రుల మీటింగ్. ఆహ్వాన ప్రసంగం సిస్టర్‌గారు నాకు అప్పగించారు.

వచ్చేవాళ్లలో హిందువులు, ముస్లింలే ఎక్కువ. కూలిపని మానుకుని వచ్చిన తల్లులు వెనక గోడకు ఆనుకుని నిలబడిపోతారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోరు. ఆరో తరగతిలో చేరిన పిల్లలు అమ్మ కొంగు వదలరు. వీళ్లకు ఇది మన బడే అనిపించాలి. మొదటే ఫీజులు, రూల్స్ చదివితే టెన్షన్ పడతారు.

ప్రార్థన మా బడికి ప్రాణం, అది మానం. అయితే రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం ఆరాధనకు ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఆ మాట మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? ఆ తల్లులను ముందు వరుసలోకి ఎలా తేవాలి? ఇలాంటి బడుల్లో పనిచేసినవాళ్లు, చదివినవాళ్లు దయచేసి చెప్పండి.