"మేలుకొనవేలయ్యా"లో ఆ "వే" ఏమిటి? స్లీప్‌కీ వేక్‌కీ మాటలు వెతుకుతుంటే తగిలిన సందేహం

తెనాలి అమ్మాయి:
మా నాన్నగారి డెస్క్‌టాప్ గురించి అరపేజీ తెలుగులో రాసి మానిటర్ పక్కన గోడకి అంటించాలి. స్లీప్‌లో పెట్టి పడుకుంటే రాత్రి రెండింటికి దానంతట అదే లేచి కూర్చుంటోంది, గదంతా వెలుగు, అమ్మకి నిద్రాభంగం. పొద్దున ఆయన వెళ్ళి మీట నొక్కితే మాత్రం ఒక్కోరోజు ఫ్యాన్ తిరుగుతుంది, పవర్ బటన్ చుట్టూ దీపం వెలుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది. ఫోన్లో నేను స్లీప్, హైబర్నేట్, వేక్ అంటూ ఉంటే ఆయన "అన్నీ ఆపేయడమేగా" అంటారు. ఈ మూడింటికీ ఆయన నోటికి అలవాటైన మాటలు కావాలి. "నిద్రాణ స్థితి" అని రాస్తే చదవనే చదవరు.

ఇంకో సంగతి. రాస్తూ కూర్చుంటే మా నాయనమ్మ తెల్లవారుజామున పాడే పాట ముక్క ఒకటి రెండు రోజులుగా వదలడం లేదు. "...విచ్చి మేలుకొన..." అంతవరకే గుర్తుంది. ముందు ఏమిటో, ఆ చివర ఏమిటో ఎవరైనా చెప్తారా?

రేకుల పెట్టె:
అన్నమయ్యండీ. "విన్నపాలు వినవలె వింతవింతలు, పన్నగపు దోమతెర పైకెత్తవేలయ్యా." మీకు కావలసింది మొదటి చరణం చివర: "చల్లని తమ్మిరేకులు సారసపు కన్నులు, మెల్లమెల్లనె విచ్చి మేలుకొనవేలయ్యా." మేలుకొనవు, ఏల, అయ్యా. ముందు ఉత్వం, తర్వాత అత్వం, అంతే. ఎందుకు మేలుకోవు స్వామీ అని.

పోతన పక్షం:
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ. "మేలుకొనవే" దగ్గర ఊపిరి ఆపి, "లయ్యా" విడిగా పాడేవాళ్ళని నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను. అక్కడ వినబడేది ప్రశ్న కాదు, వేడుకోలు. గజేంద్రుడు "రావే ఈశ్వర, కావవే వరద" అన్నాడే, ఆ "వే" ఇది. మొసలి కాలు పట్టుకుని లాగుతుంటే "ఎందుకు రావు" అని సంజాయిషీ అడుగుతాడా ఎవరైనా? రమ్మని బతిమాలతాడు.

రేకుల పెట్టె:
పాడేటప్పుడు ఎక్కడ ఊపిరి తీసుకుంటారన్నది వ్యాకరణం కాదు మాస్టారూ. మీ లెక్కన విడగొడితే "లయ్యా" అన్నది ఏమవుతుంది? దానికి అర్థం లేదు. పల్లవిలో "పైకెత్తవేలయ్యా" కూడా ఇదే అచ్చు.

పాలమూరు పిల్ల:
అక్కా, మీ నాన్నకి మాట కావాలంటే మా దగ్గర సిద్ధంగా ఉంది. మా ఇంట్ల అందరం "సిస్టం పండుకున్నది" అంటం. స్క్రీన్ నల్లగై లైటు మినుకుమినుకు అంటుంటే పండుకున్నట్టు, లైటు కూడా లేకుంటే బంద్ అయినట్టు. ఎవరికీ విడమర్చి చెప్పే పని లేదు.

సీమ బిడ్డ:
మాకు "పనుకుంది". కృష్ణా గుంటూరుల్లో "పడుకుంది". మూడూ ఒకటే మాట అంటే నేనొప్పుకోను. పండుకొనులో ఉన్న "పండు" అనే క్రియకే ఒరగడం, పడుకోవడం అని పాత అర్థం ఉంది. "పడు" వేరు, కింద పడటం. కోస్తావాళ్ళు రెండోదాన్ని మొదటిదాని చోట కూర్చోబెట్టారని నా నమ్మకం.

తెనాలి అమ్మాయి:
పడుకుంది బాగానే ఉంది కానీ, మా నాన్నగారు హ్యాంగ్ అయినా "పడుకుంది" అనే అంటారు. నాకు భయం అక్కడే.

మదర్‌బోర్డు మామయ్య:
అమ్మాయ్, మాట తర్వాత, ముందు ఏ నిద్రో చూడాలి. రిపేరు బల్ల ముందు ఇరవై ఏళ్ళుగా కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా. డెస్క్‌టాప్‌లో స్లీప్ అంటే, పాత లెక్కలో ఎస్3 అంటారు, ర్యామ్‌కి, అంటే నడుస్తున్న పనిని పట్టుకునే తాత్కాలిక జ్ఞాపకానికి, మాత్రం కరెంటు అందుతుంటుంది, మిగతావి దాదాపు అన్నీ ఆగిపోతాయి. తెరిచిపెట్టిన పనంతా ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి లేపగానే రెండు మూడు సెకన్లలో ఎక్కడిదక్కడ దొరుకుతుంది. హైబర్నేట్, అంటే ఎస్4, అదే పనిని డిస్కు మీదకి రాసేసి పూర్తిగా ఆరిపోతుంది, గోడ దగ్గర స్విచ్ తీసేసినా నష్టం లేదు. ఈ ఎస్ లెక్కలు 1996లో వచ్చిన ఏసీపీఐ అనే, కంప్యూటర్ కరెంటు వాడకానికి సంబంధించిన ప్రమాణంలోవి. మీ ఊళ్ళో రాత్రి కరెంటు పోతే మొదటిదానిలో దాచుకోని పని పోయినట్టే, హైబ్రిడ్ స్లీప్ ఆన్‌లో ఉంటే తప్ప. అది రెండు పనులూ చేస్తుంది, ర్యామ్‌లోనూ ఉంచుతుంది, డిస్కు మీదా రాస్తుంది. కాబట్టి నాన్నగారికి చెప్పాల్సింది నిద్ర పేరు కాదు, దేనికి కరెంటు కావాలి, దేనికి అక్కర్లేదు అన్నది.

శయనైకాదశి:
మామయ్యగారు చెప్పింది వింటుంటే మన దగ్గర ఈ తేడాకి మాటలు ఎప్పటినుంచో ఉన్నాయనిపిస్తోంది. తొలి ఏకాదశినాడు విష్ణువు శయనిస్తాడు, కార్తీక శుద్ధ ఏకాదశినాడు లేస్తాడు, ఉత్థాన ఏకాదశి. నాలుగు నెలలు. అది యోగనిద్ర, హైబర్నేట్ అదే. వేక్‌కి ఉత్థానం. జీవశాస్త్రం పుస్తకాల్లో కప్పకి రాసే "శీతాకాల సుప్తావస్థ" కంటే వెయ్యి రెట్లు నయం కదా? పైగా మన ఎండలకి కప్ప మట్టిలో దూరేది గ్రీష్మంలో కూడా.

పాలమూరు పిల్ల:
ఉత్థానం అని గోడకి అంటిస్తే ఆ పెద్దాయన రోజూ దండం పెడ్తడు కానీ మీట నొక్కడు అన్నా.

సీమ బిడ్డ:
స్లీప్‌కి "మాగన్ను". కన్ను పూర్తిగా మూతపడకుండా, పిలిస్తే పలికే నిద్ర. ర్యామ్ మేలుకుని ఒళ్ళు పడుకునే నిద్రకి ఇంతకంటే సరైన మాట లేదు. గాఢనిద్ర హైబర్నేట్‌కి వదిలేయండి.

రేకుల పెట్టె:
మాగన్ను మంచి మాట. మీ మాట విన్నాక ఆ చరణం మళ్ళీ చూడండి, "మెల్లమెల్లనె విచ్చి" అంటున్నాడు. తమ్మిరేకుల్లాంటి కళ్ళు ఒక్కసారి తెరుచుకోవు, రేకు తర్వాత రేకు. తెల్లవారింది, జాము ఎక్కింది, దేవతలూ మునులూ వచ్చి నిలబడి ఉన్నారు, అయినా ఎవరూ గట్టిగా అరవరు. దోమతెర పక్కన నిలబడి "ఎందుకు లేవవు" అనడంలోని చనువు ఆయన ఒక్కడిదే. ఆ "ఏల" తీసేస్తే చనువు పోతుంది, ఉత్త ప్రార్థన మిగులుతుంది. అందుకే అంత పట్టు పడుతున్నాను.

పోతన పక్షం:
చనువు పోతనలో లేదంటారా? "నీవే తప్ప నితఃపరం బెరుగ" అన్న తర్వాత కదా "రావే" అన్నాడు. ఇంకెవరూ తెలియని చనువు అది. పైగా "కావవే" విడదీస్తే "కావవు, ఏ". కాపాడవా అని. మనం బతిమాలేదే లేదన్న మాటతో. రావా, వినవా, లేవవా. అమ్మ కూడా పొద్దున్నే "లేవవా నాన్నా" అంటుంది కానీ "లేవుము" అనదు. అంటే మీ "ఎందుకు మేలుకోవు", నా "మేలుకోవా" ఒక్క చెట్టు కొమ్మలే.

రేకుల పెట్టె:
ఒక్క చెట్టు అన్నారు కాబట్టి సగం ఒప్పుకున్నట్టే.

పోతన పక్షం:
సగం మీరు కూడా.

అమ్మమ్మ పాటలు:
అందరూ స్వామివారిని లేపుతున్నారు, ఊర్మిళ ఎవరికీ గుర్తు రాలేదు. ఊర్మిళాదేవి నిద్ర మా ఇంట్లో ఆడవాళ్ళు మధ్యాహ్నాలు పాడేవారు. పద్నాలుగేళ్ళు పడుకున్న పిల్ల, లక్ష్మణుడు వచ్చి లేపితే గుర్తుపట్టదు, ఎవరో పరాయివాడు పడకమీదకి వచ్చాడని భయపడి మందలిస్తుంది. కంప్యూటర్ లేవగానే పాస్‌వర్డ్ అడుగుతుందే, నాకు ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. లేపినవాడు మనవాడో కాదో ముందు తేల్చుకుంటుంది.

మదర్‌బోర్డు మామయ్య:
చాలా బాగా చెప్పారమ్మా. అసలు సంగతి కూడా అదే, లేపింది ఎవరు? తెలుగులో లేవడం వేరు, లేపడం వేరు, మేలుకొను వేరు, మేలుకొలుపు వేరు. ఇంగ్లీషులో రెండిటికీ వేక్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. రాత్రి రెండింటికి "దానంతట అదే లేచింది" అంటారు కానీ ఏదో ఒకటి లేపకుండా లేవదు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి లాస్ట్‌వేక్ అని కొట్టండి. లేపింది ఏదో చాలాసార్లు పేరుతో సహా చెప్తుంది. లాస్ట్‌వేక్ చోట వేక్‌టైమర్స్ అని కొడితే ఎవరెవరు అలారం పెట్టుకున్నారో చూపిస్తుంది, దానికి మాత్రం అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. అప్‌డేట్లు వేసే పని అలారం పెట్టుకోవడం మామూలే. పవర్ ఆప్షన్స్‌లో, స్లీప్ కింద, వేక్ టైమర్స్ డిజేబుల్ చేయండి.

నెట్‌వర్క్ కార్డు అయితే డివైస్ మేనేజర్‌లో దాని పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో, మ్యాజిక్ ప్యాకెట్‌కి మాత్రమే లేవాలి అన్న గడిలో టిక్ పెట్టండి. ఆ ప్యాకెట్ ఏమిటో తెలుసా? ముందు ఆరు బైట్లు అన్నీ నిండు ఒకట్లు, తర్వాత ఆ యంత్రం సొంత చిరునామా పదహారుసార్లు. మొత్తం 102 బైట్లు. పేరుపెట్టి పదహారుసార్లు పిలిస్తేనే లేస్తుంది, దారినపోయే చప్పుడుకి లేవదు.

శయనైకాదశి:
పదహారు! షోడశోపచారాలు.

రేకుల పెట్టె:
మేలుకొలుపు అంటే అదే కదండీ. పేరుపెట్టి, మళ్ళీ మళ్ళీ, ఓపిగ్గా. నెలకొను, నెలకొలుపు, పురికొను, పురికొలుపు, మేలుకొను, మేలుకొలుపు. ఈ "కొలుపు" ఉన్నంతకాలం వేక్‌కి వేరే మాట వెతకడం దండగ.

సీమ బిడ్డ:
నల్ల తెర సంగతి ఎవరూ చెప్పలేదు. అది నిద్ర కాదు. "మూర్ఛ వచ్చె, దనువున్ డస్సె". పోతన పక్షం వారు ఒప్పుకోవాలి.

పోతన పక్షం:
ఒప్పుకుంటాను. కానీ "ఠావుల్ దప్పెను" కూడా కలపండి. ఠావు అంటే చోటు. పని పోయిందేమోనని ఇప్పుడు మనం పడే టెన్షన్ అంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ పద్యంలో లావు అంటే బలం, ఇప్పటి లావు కాదు, అదీ చెప్పాలి...

మదర్‌బోర్డు మామయ్య:
మూర్ఛో కాదో తేల్చడానికి క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు మీద ఆ చిన్న దీపం వెలిగి ఆరుతుంటే యంత్రం లేచినట్టే, కన్ను తెరవలేదంతే. అప్పుడు విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి ఒక్కసారి నొక్కితే బీప్ అని తెర మళ్ళీ రావచ్చు, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అలా వస్తే ఆ డ్రైవర్ కొత్తది వేయాలి. దీపం కదలకపోతే అది నిజంగానే మూర్ఛ, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడమే, ఆ తర్వాత బయోస్‌కి, అంటే యంత్రాన్ని మొదలుపెట్టే మూల ప్రోగ్రాంకి, అప్‌డేట్ ఉందేమో చూడాలి.

తెనాలి అమ్మాయి:
నిన్న రాత్రి కూడా లేచింది. పొద్దున నాన్నగారు మామయ్యగారు చెప్పినట్టే కొట్టి, వచ్చింది ఫోన్లో ఒక్కో అక్షరం చదివారు. నెట్‌వర్క్ కార్డే. ఆ గడిలో టిక్ పెట్టించాను. నల్ల తెర మళ్ళీ వస్తే క్యాప్స్ లాక్ నొక్కమని చెప్పాను, దానికి మాట అక్కర్లేకపోయింది. కాగితం మీద ప్రస్తుతానికి ఇలా రాశాను: "నిద్రపుచ్చితే కరెంటు తీయకూడదు. గాఢనిద్రలో పెడితే తీయవచ్చు. లేపితేనే లేస్తుంది." బాగుందా?

పాలమూరు పిల్ల:
మస్తుంది అక్కా.

సీమ బిడ్డ:
"నిద్రపుచ్చు"లో పుచ్చు అంటే పంపడం. పోవు, పుచ్చు. నిద్ర పోవడం, నిద్ర పుచ్చడం. కాలం పుచ్చడం కూడా అదే. పాత మాట ఎంత చక్కగా పడిందో చూడండి.

రేకుల పెట్టె:
పోవుకి పుచ్చు అయితే, మరి "పుచ్చుకొను"లో ఉన్నదీ ఇదేనా? అక్కడ తీసుకోవడం కదా, పంపడం కాదు. ముందు అది తేల్చండి.