సైన్యం వేలంలో కొన్న పాత నిస్సాన్ వన్-టన్ బండిని ఇంటి దగ్గరే విప్పుతున్నాను: ఏ వరుసలో వెళ్ళాలి?

అల్లూరు రైతు:

పెద్దలందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన ఒక పల్లె. మా నాన్నగారు 1988లో సైన్యం వేలంలో ఒక నిస్సాన్ వన్-టన్ క్యారియర్ కొన్నారు. జబల్పూరులో తయారైన, ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉన్న, నాలుగు చక్రాలూ లాగే బండి అది. మొదట్లో మొలగొలుకుల బస్తాలు, తర్వాత రొయ్యల గుంటలకు మేత మూటలు మోసింది. 2004లో ఇంజను పట్టేయడంతో తాటాకు పాకలో పెట్టారు, అప్పటినుంచి కదల్లేదు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది. ఎవరైనా వచ్చి తూకానికి అడిగినప్పుడల్లా అమ్మ ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోతుంది. అందుకే దీన్ని మళ్ళీ నడిచే స్థితికి తేవాలని నిర్ణయించుకున్నాను.

పోయిన వారం తొందరపడి బానెట్, ముందు మడ్‌గార్డులు రెండూ, సీట్లూ విప్పేశాను. బోల్టులన్నీ ఒక ఖాళీ రంగు బకెట్‌లో వేశాను; వాటిలో నాలుగింటికి తలలు తెగిపోయాయి. కుడివైపు మడ్‌గార్డును సాయంత్రం వైరు బ్రష్షుతో తెల్లగా రుద్ది పెడితే, తెల్లవారేసరికి దానిమీద పసుపు పూసినట్టు తుప్పు పట్టింది. సముద్రం మాకు పది కిలోమీటర్ల లోపే ఉంటుంది. ఆ తుప్పు చూశాక చేయి ఆగిపోయింది.

నేను వ్యవసాయదారుణ్ణి, మోటారు ఇంజన్లు, ట్రాక్టరు విప్పి బిగించిన అనుభవం ఉంది గాని, ఒక బండిని ఛాసీ దాకా విప్పడం ఇదే మొదలు. ఏది ముందు విప్పాలి, ఏది చివరిదాకా ఉంచాలి? ఇంజనును గేర్‌బాక్సుతో కలిపి దించాలా, విడిగానా? రేకులకు ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి తుప్పు రాల్చడం) చేయిస్తే నయమా? చివరికి మళ్ళీ అదే మిలిటరీ పచ్చరంగు వేయాలని కోరిక. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాత ఫిట్టర్, ఒంగోలు:

ముందు ఇంకేమీ విప్పకండి. ఆ బకెట్‌ను గోనెపట్టా మీద బోర్లించి, ఏ బోల్టు ఎక్కడిదో గుర్తున్నంతవరకు ఇప్పుడే వేరు చేయండి; నెల తర్వాత అయితే మీకే కాదు, ఎవరికీ తెలియదు. ఇకమీదట విప్పిన ప్రతి బోల్టునూ, వాషరుతో సహా, అది వచ్చిన రంధ్రంలోనే చేత్తో రెండు మరలు తిప్పి వదిలేయండి. అలా కుదరని వాటిని చిన్న సంచుల్లో కట్టి, కూల్‌డ్రింక్ డబ్బా రేకును ముక్కలుగా కోసి, మేకుతో గుచ్చి పేరు రాసి తగిలించండి. కాగితం చీటీ మీద గ్రీజు పడితే అక్షరం నిలవదు. క్యాబిన్‌కూ ఛాసీకీ మధ్య పలుచని రేకు ముక్కలు, రబ్బరు బిళ్ళలు ఉంటాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాసుకోకపోతే తిరిగి బిగించేటప్పుడు తలుపులు సరిగా పడవు. ఈ ఒక్క పొరపాటుకు నేను ఒక జీపు మీద పదకొండు రోజులు పోగొట్టుకున్నాను.

వరుస అంటారా, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు మొదట బయటికి రావాలి. ఎన్నేళ్ళు ఎండినా ట్యాంకులో ఆవిరి మిగిలే ఉంటుంది, దాని దగ్గరికి గ్యాస్ కట్టరు గాని వెల్డింగు గాని రాకూడదు. తర్వాత వైరింగు, ఆపైన వెనుక తొట్టి, క్యాబిన్, ఇంజను, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే గేర్ల పెట్టె). ఇరుసులనూ కమాన్ కట్టలనూ అన్నిటికంటే చివరికి ఉంచండి. ఛాసీ చక్రాల మీద ఉన్నంతకాలం ఇద్దరు మనుషులు తోస్తే కదులుతుంది. చక్రాలు ఊడితే పాకలో స్తంభంలా పాతుకుపోతుంది.

తుప్పు విషయంలో మీ మడ్‌గార్డే మీకు పాఠం చెప్పింది. మన తీరంలో రుద్దిన ఇనుమును రాత్రిదాకా వట్టిగా ఉంచకూడదు. ఆ పూట ఎంత భాగానికి ప్రైమర్ వేయగలరో అంతే రుద్దండి. మంచు ఆరిన తర్వాత ఎనిమిది గంటలకు మొదలుపెట్టి, థిన్నరుతో తుడిచి, మధ్యాహ్నం లోపు ఎపాక్సీ ప్రైమర్ వేసేయండి. ఉత్త రెడ్ ఆక్సైడ్ వేసి నెలలు వదిలేస్తే దానిలోంచి తేమ ఇనుముదాకా దిగుతుంది. రోహిణి కార్తెలో మాత్రం రంగు పని పెట్టుకోకండి. రేకు కాలిపోతుంటే ప్రైమర్ పరుచుకోకముందే ఆరిపోతుంది. అలాగే అక్టోబరు వానలకు ఛాసీ వట్టిగా దొరకకూడదు, దాన్నిబట్టి వెనక్కి లెక్క వేసుకోండి.

తలలు తెగిన బోల్టులకు దిగులు వద్దు. మిగిలిన మొండెం మీద ఒక నట్టు పెట్టి, లోపల వెల్డింగు నింపి, చల్లారనిచ్చి తిప్పితే చాలావరకు వచ్చేస్తుంది. ఇంకా విప్పనివాటికి డీజిలూ గేరు ఆయిలూ కలిపి రోజుకు రెండుసార్లు, కనీసం నాలుగు రోజులు పోయండి. పానా పట్టాక మొదట కొద్దిగా బిగించే వైపు నొక్కి, ఆ తర్వాతే విప్పే వైపు తిప్పండి. అప్పటికీ మొండికేస్తే బోల్టును కాక నట్టును వేడి చేసి, వేడి మీదే మరకు కొవ్వొత్తి మైనం తాకించండి. కమాన్ పట్టీలను వేడి చేస్తే వాటి పదును పోతుంది, వాటి దగ్గర మంట వాడకండి.

చీమకుర్తి క్రేన్ మెకానిక్:

పెద్దాయన చెప్పిన దాంట్లో ఒక్కదానితో నేను పూర్తిగా ఏకీభవించను. ముక్కలు ముక్కలుగా విప్పి రంగు వేసుకుంటూ పోతే, క్యాబిన్ కింద ఛాసీ మీద దాగిన తుప్పు చివరికి బయటపడి, అప్పటికే వేసిన రంగు పాడవుతుంది. రుద్దడం కొంచెం కొంచెంగానే చేయండి, కానీ క్యాబిన్‌ను మాత్రం మొదటే పైకెత్తి ఛాసీని ఉలితో, సుత్తితో తట్టి చూడండి. ఇనుము కంగుమంటే సరే. మట్టికుండలా మొద్దుగా పలికితే అక్కడ పొరలుగా తిన్నదని అర్థం.

చక్రాల గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. పాత బండ్లలో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉండటం మామూలే. స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) కొసను గుడ్డతో తుడిచి మర ఎటు వాలిందో చూడకుండా గొట్టం తగిలించి లాగితే స్టడ్డు తెగుతుంది. రిమ్ము లాక్ రింగుదైనా (టైరును విడి ఇనుప రింగు పట్టి ఉంచే రకం), రెండు ముక్కలు బోల్టులతో బిగించినదైనా, చక్రం బండికి ఉండగానే వాల్వు పిన్ను తీసి, గాలి పూర్తిగా పోయిందని తీగతో గుచ్చి నిర్ధారించుకోండి. ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ బండిలో గాలి ఏముంటుందని అనుకోకండి. క్వారీలో రింగు లేచి పాక పైకప్పు చీల్చుకుని పోవడం నా కళ్ళతో చూశాను. అదృష్టం కొద్దీ ఆ సమయానికి దాని ముందు మనిషి లేడు.

ఇంజనును గేర్‌బాక్సుతో కలిపే దించండి, స్థలం ఉంది కదా. రెండూ కలిసి మూడు వందల కిలోలు దాటుతాయి. దీనికి వేపకొమ్మను నమ్ముకోకండి. పైకి పచ్చగా ఉన్న కొమ్మ లోపల పుచ్చి ఉంటుంది. ఒక టన్ను చైన్ బ్లాకు, మూడు కాళ్ళ ఇనుప స్టాండు అద్దెకు తెచ్చుకోండి. బండి కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్ని నమ్మక, ఛాసీ కింద చెక్క దిమ్మెలు అడ్డంగా నిలువుగా పేర్చండి; ఇటుకలు పెట్టకండి, పగులుతాయి. బ్రేకు డ్రమ్ములు ఊడదీసినప్పుడు దుమ్మును గాలితో ఊదవద్దు. ఆ కాలపు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతోనే తుడవండి.

బ్లాస్టింగ్ ఛాసీకీ ఇరుసులకూ బాగుంటుంది. రేకులకు వద్దు, బానెట్ అప్పడంలా ఉబ్బుతుంది. చౌకగా వస్తుందని గూడూరు, చిల్లకూరు వైపు సిలికా ఇసుకను ఇంటి దగ్గర వాడనివ్వకండి. ఆ ధూళి ఊపిరితిత్తులలో చేరితే వచ్చే సిలికోసిస్‌కు నయమయ్యే మందు లేదు. ఇసుకకు బదులు గార్నెట్ అనే గట్టి ఖనిజపు పొడితో చేసే వారి దగ్గరికి ఛాసీనే తీసుకువెళ్ళడం మేలు.

కాగితాలు చూసేవాడు:

రంగు కొనే ముందు ఒక మాట. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. మీ కోరిక నాకు అర్థమైంది కానీ ఆ రంగుతో రోడ్డెక్కితే ఇబ్బంది పడతారు. ముదురు నీలమో, ఇసుక రంగో ఎంచుకోండి.

ఛాసీ నంబరూ ఇంజను నంబరూ ఎక్కడున్నాయో బ్లాస్టింగుకు ముందే కనిపెట్టి, వాటి మీద కాగితం పెట్టి పెన్సిలుతో ముద్ర తీసుకోండి. ఆ చోట గ్రైండరు తగలకుండా మందపాటి టేపు అంటించండి. ఆర్సీ మీ నాన్నగారి పేరున ఉంటే వారసుడిగా మీ పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. వేలంలో కొన్నప్పుడు ఇచ్చిన అమ్మకపు ధ్రువపత్రం ఇంట్లో ఎక్కడైనా దొరికితే జాగ్రత్త చేయండి. సైన్యం బండికి మొదటి రిజిస్ట్రేషను దాని ఆధారంగానే జరుగుతుంది.

2021 జూలైలో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు మీకు ఇప్పుడే పనికిరావు. సొంత వాడకంలో ఉన్న వాహనం మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్ళు దాటాలి, మీది 1988 వేలం తర్వాతే అయి ఉంటుంది; ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. అయినా డీజిలు ఇంజను మారుద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఆ రెండో షరతు గుర్తుపెట్టుకోండి.

అల్లూరు రైతు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. బకెట్ బోర్లించి రెండు రోజులు కూర్చున్నాను. నూట ఎనభై బోల్టులలో ముప్ఫై ఒకటి తప్ప అన్నీ ఇళ్ళకు చేరాయి. ఎడమ చక్రాలకు ఎడమ మరే ఉంది. ఆ మాట రాయకపోయి ఉంటే ఈపాటికి స్టడ్డులు తెగ్గొట్టి ఉండేవాణ్ణి.

ఇంకొకటి. ఎడమ తలుపును వాటర్ పేపరుతో తడిపి రుద్దుతుంటే నాన్నగారు వేయించిన పసుపు రంగు కింద నీలం, దాని కింద పచ్చ వచ్చాయి. పచ్చ మీద తెల్లగా, పైకి చూసే బాణం గుర్తు, దాని పక్కన 71 అనే అంకె, ఆ తర్వాత ఏదో అక్షరం సగం కనిపిస్తున్నాయి. దీన్ని చెరపాలంటే మనసు రావడం లేదు.

పాత ఫిట్టర్, ఒంగోలు:

అది సైన్యపు నంబరే. బాణం తర్వాతి రెండు అంకెలు బండిని సైన్యంలోకి తీసుకున్న సంవత్సరం, అంటే మీది 1971 బండి. ఇంకా రుద్దకండి. తలుపు బయటివైపు ఆ గుర్తుతో తిరగడం కుదరదు కనుక, నిలువుగా చక్కగా ఫొటో తీసి, కొలతలు రాసుకుని, దాని మీద పల్చటి క్లియర్ లాకరు పూసి ఆరాక కొత్త రంగు వేయండి. ఎవరైనా ఎప్పుడైనా మళ్ళీ రుద్దితే కిందనే ఉంటుంది.

ఈలోగా ఇంజను ప్లగ్గులు ఆరూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల డీజిలు, గేరు ఆయిలు మిశ్రమం పోసి వారం వదిలేయండి. తర్వాత ముందునుంచి హ్యాండిలు పెట్టి చేత్తోనే కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ ఆడించండి, ఇంకో బండికి కట్టి లాగించే పని మాత్రం చేయకండి. వేలెడంత కదిలినా ఇక్కడ రాయండి, మిగతాది అప్పుడు చెబుతాను.